డయాలసిస్‌లో చలి, చీము, మబ్బుగా వచ్చే నీళ్లు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

సమస్య: మిషన్ ఎక్కిన కాసేపటికే వణుకు, జ్వరం

మెడ లైను (డయాలసిస్ కోసం మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టే ప్లాస్టిక్ గొట్టం) ఉన్నవాళ్లకి ఇలా వస్తే ఏసీ చలి అనుకోకండి. మా నాన్నకి మొదటిసారి పళ్లు టకటకలాడుతుంటే మేము రెండు దుప్పట్లు కప్పి, జ్వరం బిళ్ల వేసి ఊరుకున్నాం. ఇంటికొచ్చాక తగ్గింది, మళ్లీ మిషన్ ఎక్కగానే మొదలైంది.

కారణం ఏమిటంటే, లైను లోపలి గోడకి క్రిములు జిగురు పొరలా పట్టుకుని ఉంటాయి, రక్తం అందులోంచి వేగంగా పారేసరికి అవి ఒంట్లోకి వెళ్లిపోతాయి, అందుకే ఇంట్లో బాగానే ఉన్న మనిషి అక్కడ వణుకుతాడు.

వెంటనే టెక్నీషియన్‌ని పిలవండి. యాంటీబయాటిక్ ఇవ్వకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే టెస్టు) తీయమని అడగండి, మందు ముందు పడితే క్రిమి ఏదో తేలకపోవచ్చు. రెండు మూడు రోజులకీ జ్వరం దిగకపోతే లైను తీసేయాల్సిందే. కొన్ని వారాల తర్వాత నడుం నొప్పి మొదలైనా డాక్టరుకి చెప్పండి, క్రిమి వెన్నెముకలోనో గుండె వాల్వు మీదో కూర్చునే ప్రమాదం ఉంది.

అదే షిఫ్టులో ఇద్దరు ముగ్గురు వణికితే మాత్రం అనుమానం ఆర్‌ఓ నీళ్ల (మిషన్‌లో వాడే శుద్ధి చేసిన నీళ్ల) మీదికి వెళ్లాలి.

లైను మూత తీసేటప్పుడు పేషెంటుకీ, టెక్నీషియన్‌కీ మాస్క్ ఉండాలి. డ్రెస్సింగ్ తడవకూడదు. ఆ లైనులోంచి సెలైన్ ఎక్కించడం, టెస్టులకి రక్తం తీయడం లాంటివి డయాలసిస్ వాళ్లకి చెప్పకుండా ఎవరినీ చేయనివ్వకండి.

సమస్య: ఫిస్టులా చెయ్యి ఎర్రబడి, వేడిగా ఉండి, చీము

ఫిస్టులా అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్‌తో కలపడం; అది మన సొంత రక్తనాళమే, లోపల ప్లాస్టిక్ ఉండదు కాబట్టి ఇన్ఫెక్షన్ అన్నిటికంటే తక్కువ. గ్రాఫ్ట్‌ది (ధమనినీ సిరనీ కలుపుతూ చర్మం కింద పెట్టే కృత్రిమ గొట్టం) మధ్యరకం. అయినా చర్మం మీది క్రిములు సూదితో పాటు లోపలికి పోతాయి. మిషన్ ఎక్కేముందు కుళాయి కింద సబ్బుతో చెయ్యి కడుక్కోండి, సూది గుచ్చిన చోట కట్టిన చెక్కు గిల్లకండి. ఎర్రబడిన చోట సూది గుచ్చనివ్వకండి, ముందు డాక్టరుకి చూపించండి. మెడ లైనుతో నెట్టుకొస్తున్నవాళ్లు ఫిస్టులా సంగతి ఈ వారమే అడగండి, ఆపరేషన్ అయ్యాక అది సూదికి తయారవడానికి నెలా రెండు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

సమస్య: పొట్ట డయాలసిస్ నీళ్లు మబ్బుగా, కడుపు నొప్పి

పొట్ట డయాలసిస్ అంటే గొట్టం ద్వారా పొట్టలోకి నీళ్లు ఎక్కించి, కొన్ని గంటల తర్వాత సంచిలోకి దింపేయడం. మా పెద్దమ్మ అలా దిగిన ప్రతి సంచినీ పేపరు మీద పెట్టి, కింది అక్షరాలు చదవగలుగుతుందో లేదో చూసేది. ఒకరోజు బియ్యం కడిగిన నీళ్లలా వచ్చాయి, అక్షరం కనబడలేదు. అది పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్. చాలాసార్లు సంచి మార్చేటప్పుడు గొట్టం చివర చేతికి తగలడమే కారణం, మలబద్ధకం ఉన్నా పేగుల్లోంచి రావచ్చు.

ఆ సంచిని పారేయకండి. దాన్నే పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అందులో కణాలు లెక్కపెట్టి, కల్చర్‌కి పంపి, మందుని పొట్టలోకే ఇస్తారు. అయిదు రోజుల మందుకీ నీళ్లు తేటపడకపోతే గొట్టం తీస్తారు. సంచి మార్చేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, తలుపు వేయాలి, మాస్క్ పెట్టుకోవాలి, చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తొందరగా ఉందని ఒక్కపూట కూడా వదలకండి.

సమస్య: హెపటైటిస్ బి లేదా సి పాజిటివ్

ఇది హీమోడయాలసిస్‌లో (మిషన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్‌లో) రక్తం ద్వారా వచ్చేది: మార్చని గ్లౌజులు, ఒకే మందు సీసా అందరికీ వాడటం. బి ఉన్నవాళ్లకి మిషన్ విడిగా ఉండాలి. బి టీకా మామూలు మోతాదు సరిపోదు, డయాలసిస్ వాళ్లకి రెట్టింపు ఇస్తారు, తర్వాత యాంటీబాడీ టెస్టులో 10 కంటే తక్కువొస్తే మళ్లీ వేయాలి. సి కి టీకా లేదు, కానీ ఇప్పుడు బిళ్లలతో దాదాపు అందరికీ నయమవుతోంది, కాబట్టి పాజిటివ్ అనగానే కుంగిపోకుండా లివర్ డాక్టరుని కలవండి.