ఫిజియోథెరపీ ముగిశాక – 3వ పాఠం: రోజువారీ మోతాదును మనమే నిర్ణయించుకోవడం

మొదటి పాఠంలో డాక్టరును అడిగి తేల్చుకోవలసిన సంగతులను, రెండవ పాఠంలో గడప, స్నానాల గది, చెప్పులు, చేతికర్ర విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను నేర్చుకున్నాం. కర్రను బలమున్న చేతితోనే పట్టుకోవాలనీ, మెట్లు ఎక్కేటప్పుడు బలమున్న కాలు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలనీ చెప్పుకున్నది గుర్తుంటే ఈ పాఠానికి అది చాలు. పక్కన ఫిజియోథెరపిస్టు లేనప్పుడు ఈ రోజు ఎంత వ్యాయామం చేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఎవరికి వారు తేల్చుకోవడం ఎలాగో ఈసారి నేర్చుకుందాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పక్షవాతానికి వైద్యం కోసం విశాఖపట్నం వెళ్లినవారిలో చాలామంది కొన్నాళ్లు అక్కడే ఉండి, రోజూ వ్యాయామం చేయించుకుని ఊరికి తిరిగి వస్తారు. వచ్చేటప్పుడు చేతిలో వ్యాయామాల కాగితం ఒకటి ఉంటుంది. ఏమేం చేయాలో అందులో రాసి ఉంటుంది గానీ, రెండు నెలలు గడిచి ఒంట్లో బలం మారాక ఎంత చేయాలో రాసి ఉండదు. దిక్కు తోచక కొందరు మంచానికే పరిమితమవుతారు. మరికొందరు ఒంట్లో తేలికగా ఉన్న రోజున వీధులన్నీ తిరిగి వచ్చి, మరునాడు లేవలేక, వ్యాయామం తమకు పడదని నిర్ణయించుకుంటారు. ఈ రెండూ చివరికి మంచానికే చేరుస్తాయి. పని లేని కండరం కొద్ది వారాల్లోనే బలం కోల్పోతుంది కాబట్టి, ఎంతో కష్టపడి తెచ్చుకున్న నడక చేజారిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్నవారికీ, దీర్ఘకాలిక వ్యాధులున్నవారికీ ప్రత్యేకంగా సూచనలు చేసింది. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మధ్యస్థాయి శ్రమ చేయాలనీ, వారంలో కనీసం 2 రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని చేయాలనీ అందులో ఉంది. ఇంటి వసారా దాటడమే గగనమైనవారికి 150 అన్న అంకె బెదురు పుట్టిస్తుంది. కానీ అదే పత్రం మరో మాట కూడా స్పష్టంగా చెప్పింది: అసలు చేయకపోవడం కన్నా ఎంత కొంచెం చేసినా మేలే. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని కూడా 2020లో తొలగించారు. అంటే వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి 3 నిమిషాల పాటు నడిచినా అది లెక్కలోకి వస్తుంది.

ముందుగా మీ ప్రారంభ మోతాదు తెలుసుకోవాలి. వరుసగా మూడు రోజులు, ఒకే వేళకు, చదునైన నేల మీద, పక్కన ఒక మనిషిని ఉంచుకుని నడవండి. ఆయాసం వచ్చేదాకా నడవవద్దు. నడక తీరు మారేదాకా మాత్రమే నడవండి. నడక తీరు మారిందని గుర్తుపట్టడానికి చెప్పు చప్పుడు వినడం ఒక సులువైన పద్ధతి. పాదం సరిగా లేస్తున్నంతసేపు అడుగు చప్పుడు విడివిడిగా వినిపిస్తుంది. అలసట మొదలవగానే బలహీనమైన వైపు బొటనవేలు నేలను రాసుకుని సన్నని ఈడ్పు శబ్దం వస్తుంది. ఆ చెప్పును తిరగేసి చూస్తే ముందు అంచు రెండవ దానికన్నా ఎక్కువ అరిగి ఉంటుంది. మొదటి ఈడ్పు ఎన్నవ నిమిషంలో వినిపించిందో మూడు రోజులూ రాసుకుని, అందులో అన్నిటికన్నా తక్కువ అంకెను తీసుకోండి. అది 6 నిమిషాలైతే, ఒక్కో విడతకు 4 నిమిషాలతో మొదలుపెట్టండి. అలాంటి విడతలు ఉదయం రెండు, సాయంత్రం ఒకటి పెట్టుకుని, మధ్యలో అరుగు మీద కూర్చుని తీరిగ్గా అలుపు తీర్చుకోండి. బాగున్న రోజున కూడా 4 నిమిషాలకే ఆపాలి. ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే.

శ్రమ ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి మాటే కొలత. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థాయి శ్రమ. రెండు మాటలకు మించి పలకలేకపోతే శ్రమ మీరిందని గ్రహించి వేగం తగ్గించాలి. చేతి గడియారం చూపే గుండె వేగాన్ని మాత్రం అందరూ నమ్మడానికి వీల్లేదు. బీపీకి, గుండెకు ఇచ్చే అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి, ఒళ్లు ఎంత శ్రమ పడుతున్నా అంకె తక్కువగానే కనిపించవచ్చు. పక్షవాతంతో మాట పడిపోయినవారు శ్రమను వేళ్లతో చూపవచ్చు: ఏ శ్రమా లేకపోతే సున్నా, ఇక చేతకాదనుకుంటే పది. అయిదారు దగ్గర ఉంటే సరిపోతుంది.

నడక తర్వాత అంత ముఖ్యమైనది కూర్చుని లేవడం. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా, బస్సులో సీటు నుంచి లేవాలన్నా, ఒకరి చేయి అందుకోకుండా బతకాలన్నా తొడల్లో ఈ బలం ఉండి తీరాలి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి, అంచుకు జరిగి కూర్చోండి. మడమలను మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి లాగండి. చాలామంది తెలియకుండానే బలహీనమైన కాలును ముందుకు చాచి, బరువంతా మంచి కాలి మీద వేసి లేస్తారు. అలా చేసినంతకాలం ఆ కాలికి పని తగలదు, బలమూ రాదు. రెండు పాదాలనూ ఒకే వరుసలో ఉంచి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగి, గాలి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది. కూర్చునేటప్పుడు కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి, ఎందుకంటే బలం పెంచడంలో దిగడం లేవడానికి ఏమీ తీసిపోదు. ఆసరా లేకుండా 5 సార్లు చేయలేనివారు కుర్చీ మీద మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచుకోవచ్చు. తడబాటు లేకుండా 10 సార్లు వచ్చిన తర్వాత దుప్పటి తీసేయండి.

ఇక ఇంటిపని కూడా మోతాదులో భాగమే. పొందూరు దగ్గర నూలు వడికే ఒకావిడకు కుడివైపు పక్షవాతం వచ్చి, ఫిజియోథెరపీ ముగించుకుని ఇంటికి చేరిందని అనుకుందాం. కోడలు ప్రేమకొద్దీ మంచినీళ్లు మంచం దగ్గరికే తెస్తుంది, బట్టలు తానే మడతపెడుతుంది, రాట్నాన్ని అటక మీద పెట్టేస్తుంది. ఆ ప్రేమను తప్పుపట్టలేం గానీ, దాని వల్ల రోజంతా ఆ కుడి చేతికి పని అన్నదే ఉండదు. ఎడమ చేతితోనే అన్నీ జరిగిపోతుంటే కుడి చేయి తనకున్న శక్తిని కూడా వాడడం మానేస్తుంది. ఆమె తన నీళ్లు తానే వంటింటికి వెళ్లి తాగాలి. కుడి చేత్తో గిన్నె అంచు పట్టుకుని ఎడమ చేత్తో తోమాలి. చక్రం తిప్పే చేయి అదే కాబట్టి రాట్నాన్ని కిందికి దించమని అడిగి, దూది ఏకు లేకుండానైనా వట్టి చక్రం కాసేపు తిప్పాలి. కూర్చుని చేసే పనిలో అరగంటకొకసారి లేచి నిలబడాలి. ఇంట్లోవారికి నా మనవి ఒకటే: పని అందుకోబోయే ముందు ఆమె పూర్తిచేసేదాకా ఆగండి. ఆలస్యమైనా పరవాలేదు. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగవద్దు; భుజం కీలు జారే ప్రమాదం ఉంది.

మోతాదు పెంచేటప్పుడు నిమిషాలు గానీ, విడతలు గానీ, వేగం గానీ వారానికి ఒక్కటే పెంచాలి. గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలోనే నిమిషాలు రాసి, మరునాటి ఉదయం ఒళ్లు ఎలా ఉందో పక్కన ఒక గుర్తు పెట్టండి. రాత్రి నిద్ర తర్వాత కూడా అలసట తీరకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. జ్వరం వచ్చి తగ్గాక సగం మోతాదుతో తిరిగి మొదలుపెట్టాలి. మన తీరప్రాంతపు వేసవిలో ఉక్క వల్ల చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు; అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో నడక సూర్యోదయం వేళకే ముగియాలి. తుపాను రోజుల్లో వసారా, కుర్చీ చాలు. కళింగపట్నం వంటి చోట్ల సముద్రపు ఇసుకలో నడవాలన్న కోరిక ఉంటే, పాదం వాలిపోకుండా ఆసరాగా కట్టుకునే పట్టీ వాడేవారు దాన్ని ప్రస్తుతానికి వాయిదా వేసుకోండి. మెత్తటి ఇసుకలో పాదం ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఉద్దానం ప్రాంతంలో డయాలిసిస్ చేయించుకుంటున్నవారు కూడా ఈ పద్ధతినే పాటించవచ్చు గానీ మూడు మార్పులు అవసరం. డయాలిసిస్ అయిన వెంటనే బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి నడకను మిగిలిన రోజులకు మార్చుకోవాలి. ఫిస్టులా (డయాలిసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన అమరిక) ఉన్న చేతితో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి బిగుతుగా ఏదీ కట్టకూడదు. దాహమైనా నీళ్లు డాక్టరు చెప్పిన కొలతలోనే తాగాలి, అందుకే చెమట పట్టే వేళల్లో అసలు బయలుదేరకపోవడం మంచిది.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపి డాక్టరును సంప్రదించాలి. కూర్చున్నా ఛాతీ నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మూతి ఒక పక్కకు లాగడం, చేయి కొత్తగా వాలిపోవడం, మాట తడబడడం వంటివి హఠాత్తుగా వస్తే వేచి చూడకుండా 108కే ఫోన్ చేసి, అవి మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకోవాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి, ఆస్పత్రిలో ముందుగా అడిగేది ఆ సమయాన్నే.

ఈ వారం అభ్యాసం: మూడు రోజుల నడక పరీక్ష, ఆ తర్వాత నాలుగు రోజులు మీరు తేల్చుకున్న మోతాదు, ఒకరోజు విడిచి ఒకరోజు కుర్చీ అభ్యాసం. అంకెలు రాసిన క్యాలెండరును దగ్గర ఉంచుకోండి. ఒంటి నిలకడ గురించిన నాలుగవ పాఠాన్ని ఆ అంకెలతోనే మొదలుపెడదాం.