లిబ్రే ఆఫీస్‌లో పేజీలు జారిపోతుంటే: నా అనుభవం

రెండు పేజీల వర్డ్ ఫైలు లినక్స్‌లో లిబ్రే ఆఫీస్‌తో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాం) తెరిస్తే మూడు పేజీలయ్యేది. సంతకం గీత ఒక్కటే చివర మిగిలేది. మార్జిన్లు మార్చినా, కొత్త వెర్షన్ వేసినా ఫలితం లేదు.

కారణం ఫాంటు. ఫైల్లో ఉన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల కాలిబ్రి. అది స్వేచ్ఛా ఫాంటు (ఎవరైనా వాడుకుని పంచుకోగలిగేది) కాదు కాబట్టి లినక్స్‌తో రాదు. దాని బదులు వేరేది పడితే అక్షరాల వెడల్పు మారి వరసలు జరుగుతాయి.

లిబ్రే ఆఫీస్ పూర్తిగా మూసేశాను. ప్యాకేజీ మేనేజర్‌లో (లినక్స్‌లో ప్రోగ్రాములు వేసుకునే చోటు) కార్లిటో, కలడియా అనే ఫాంట్లు వెతికి ఇన్‌స్టాల్ చేశాను. కార్లిటో వెడల్పులు కాలిబ్రితో, కలడియావి మైక్రోసాఫ్ట్ వాళ్లదే మరో ఫాంటు కాంబ్రియాతో సరిపోతాయి. రెండూ స్వేచ్ఛా ఫాంట్లే. మళ్లీ తెరిస్తే గీత రెండో పేజీలోనే ఉంది. ప్రాణం లేచొచ్చింది! లినక్స్ వేసిచ్చేవాళ్లు దయచేసి ఇవి కూడా వేసివ్వండి, లేకపోతే కొత్తవాళ్లు మొదటిరోజే వెనక్కి వెళ్లిపోతారు.

ఫైల్లో వేరే ఫాంటుంటే ఇది పనిచేయకపోవచ్చు. తెలుగు అక్షరాలకైతే ఇవి ఉపయోగపడవు.