మారుతి 800లో హై కంప్రెషన్ పిస్టన్లు వేసే ముందు
కోరాపుట్, రాయగడ వైపు పాత మారుతి 800 ఇంజిన్ విప్పించేవాళ్లకి ఘాట్ రోడ్డు మీద ఇంకాస్త పుల్లింగ్ కావాలని ఉంటుంది. హై కంప్రెషన్ పిస్టన్లు వేస్తే వస్తుంది, కానీ ముందు కొలవండి. బోర్ (సిలిండర్ వెడల్పు) 68.5, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో సిలిండర్ సుమారు 265 సీసీ, కాబట్టి కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లోని గాలి, పెట్రోల్ ఎన్నోవంతుకి నొక్కుకుపోతాయో ఆ లెక్క, 9.5 కావాలంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ, గాస్కెట్ మందంతో కలిపి, 31 సీసీ దగ్గర ఉండాలి. పిస్టన్ల పెట్టె మీద రాసిన రేషియోని నమ్మొద్దు, హెడ్ ఇంతకుముందే ఫేసింగ్ చేసి (అడుగు చెక్కి చదును చేసి) ఉంటే లెక్క మారిపోతుంది.

పిస్టన్లు కొన్నాకే, వాటి సైజుకి సిలిండర్లకి బోరింగ్ (లోపల కోసి పెద్దది చేయడం), హోనింగ్ (నునుపు చేయడం) చేయించండి. పిస్టన్ రింగు కొసల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) చూడండి.

అసలు జాగ్రత్త వాల్వుల దగ్గర, అవి పిస్టన్‌కి తగలకూడదు. పిస్టన్ మీద మెత్తటి క్లే ముద్ద పెట్టి, హెడ్ బిగించి, టైమింగ్ బెల్ట్ వేసి, క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా ఆపేయండి. తర్వాత హెడ్ తీసి క్లే ఎక్కడ పలచబడిందో కొలవండి, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య మిగిలే ఖాళీ అదే.

కంప్రెషన్ పెరిగితే మామూలు పెట్రోల్‌తో నాకింగ్, అంటే పెట్రోల్ సిలిండర్‌లో అదుపు లేకుండా మండిపోవడం, వచ్చే అవకాశం ఎక్కువ. లోడు మీద టకటకమని నాకింగ్ వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి, స్పార్క్ టైమింగ్ కొంచెం వెనక్కి పెట్టించండి, లేకపోతే పిస్టన్‌లో రింగుల మధ్య గట్లు విరిగిపోతాయి.