జెల్లీ బీన్స్: నెల్లూరు వంటింట్లో ఎలా తయారుచేయాలి?

లోపల మెత్తని జెల్లీ, పైన కరకరలాడే చక్కెర పెంకు కలిగి, చిక్కుడు గింజ ఆకారంలో ఉండే మిఠాయే జెల్లీ బీన్. జెల్లీ వండటం గంటలో ముగిసే పని. పెంకు కట్టించడమే అసలు విద్య. భోజనానంతరం నోట్లో వేసుకునే రంగు సోంపుకు పూత పట్టేదీ ఈ పద్ధతిలోనే: తిరిగే పాత్రలో గింజలు దొర్లుతుంటే పాకం పొరపొరగా ఎక్కుతుంది. కర్మాగారాల్లో సైతం ఈ మిఠాయి పూర్తికావడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది కనుక, ఇంట్లో వారం పట్టిందని విసుగు చెందనవసరం లేదు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాను తడిపే రోజుల్లో, చక్కెర గాలిలోని తేమను పీల్చుకుని పెంకు జిగురుగానే మిగిలిపోతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టడం మేలు.

సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ పొడి 5 గ్రాములను 200 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, పూర్తిగా కరిగేవరకు రెండు మూడు నిమిషాలు మరిగించాలి. తరువాత 300 గ్రాముల చక్కెర వేసి, గరిటె ఎత్తితే పాకం సన్నని తీగలా జారేవరకు కాచి దించాలి. గూడూరు నిమ్మకాయ ఒకదాని రసాన్ని దించిన తరువాతే కలపాలి. పొయ్యి మీద ఉండగా పోస్తే పులుపు వల్ల చైనా గ్రాస్ బిగుసుకునే గుణం తగ్గిపోతుంది. పూర్వం రుచి ఎక్కువగా పెంకులోనే ఉండేది, లోపలి జెల్లీ వట్టి తీపి. 1976లో అమెరికాలో వచ్చిన జెల్లీ బెల్లీ గింజలు లోపలికి కూడా రుచిని చేర్చి ఆదరణ పొందాయి. అధ్యక్షుడు రీగన్‌కు వాటిపై ఉన్న మక్కువ ఆ పేరును మరింత పెంచింది.

మిశ్రమాన్ని నూనె రాసిన పళ్లెంలో పోసి, గట్టిపడ్డాక గింజంత ముక్కలుగా కోసి, అంచులను వేళ్లతో గుండ్రంగా నొక్కాలి. కర్మాగారాల్లో పిండిలో అచ్చులు వేసి పోస్తారు కాబట్టి ఆ నునుపు మన చేతికి రాదు, రాకపోయినా నష్టం లేదు. ముక్కలను ఎండలో కాక ఫ్యాను గాలికి, రోజుకొకసారి తిప్పుతూ, పైన తెల్లని పొర కట్టేవరకు నాలుగైదు రోజులు ఆరబెట్టాలి.

ఇక పూత. 100 గ్రాముల చక్కెరను 50 మిల్లీలీటర్ల నీటితో తీగపాకం పట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. గుండ్రని అడుగున్న వెడల్పాటి గిన్నెలో ముక్కలు వేసి, చెంచాడు పాకం పోసి, గిన్నెను రెండు చేతులతో ఆపకుండా తిప్పాలి. అన్నిటికీ తడి అంటగానే చక్కెర పొడి చల్లి, అంటుకోవడం మానేవరకు తిప్పి, గంటసేపు ఆరనివ్వాలి. తొందరపడి ఎక్కువ పాకం పోస్తే గింజలన్నీ ఒకే ముద్ద అవుతాయి. ఇలా రెండు రోజుల్లో ఐదారు పూతలు వేయాలి. రంగు చివరి రెండింటిలో కలిపితే చాలు. మెరుపు కోసం కర్మాగారాల్లో తేనెమైనం, లక్క వంటివి వాడతారు. ఇంట్లో రెండు చుక్కల కొబ్బరి నూనె సరిపోతుంది.

తయారైన గింజలను బిగుతు మూత గల గాజు సీసాలో, ఫ్రిజ్ బయటే ఉంచాలి. ఫ్రిజ్ నుంచి తీసిన ప్రతిసారీ తేమ చేరి పెంకు కరుగుతుంది. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి చంటిపిల్లలకు ఇవ్వకూడదు.