బీరువాలోంచి తీసిన డిజిటల్ కెమెరా పనిచేయట్లేదా? రిపేరుకి ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా మేనకోడలు బీరువా పై అరలోంచి పాత డిజిటల్ కెమెరా ఒకటి పట్టుకొచ్చింది. పౌచ్ జిప్పు తుప్పు పట్టి బిగుసుకుపోతే నూనె చుక్క వేసి లాగాల్సి వచ్చింది. "మామయ్యా, ఇది పోయినట్టేనా?" అంది. వాళ్ల కాలేజీలో ఇప్పుడు ఈ పాత కెమెరాల పిచ్చి పట్టుకుందట, మొహం మీద ఫ్లాష్ కొట్టినట్టుండే ఆ ఫోటోలే కావాలట. ఫోన్లో బాగానే వస్తున్నాయిగా ఇంకా ఇదెందుకు అని దాన్ని బీరువా ఎక్కించింది మనమే మరి.

నేను మెకానిక్‌ని కాదు. కానీ మా ఇంట్లోవీ చుట్టాలవీ కలిపి ఇలాంటివి చాలానే చూశాను, ఒకటి చేజేతులా పాడు చేశాను కూడా (ఆ సంగతి కింద చెప్తాను). చూసినంతలో నాకు అర్థమైంది ఏంటంటే, పోయిందని పక్కన పడేసిన కెమెరాల్లో చాలావాటికి రోగం కెమెరాలో ఉండదు, బ్యాటరీలోనో కార్డులోనో ఉంటుంది. అందుకే ముందు కరెంటు, తర్వాత కార్డు, ఆ తర్వాత లెన్స్, ఫోటోల సంగతి చివర్లో. ఖర్చు కూడా ఇదే వరసలో పెరుగుతుంది కాబట్టి చవకైన అనుమానం నుంచి మొదలుపెట్టండి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. స్క్రూడ్రైవర్ తీసుకుని కెమెరా విప్పొద్దు. లోపల ఫ్లాష్ కోసం ఒక కెపాసిటర్ ఉంటుంది, అందులో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా వెంటనే పోదు. యూట్యూబ్‌లో ఎవరో చకచకా విప్పేశాడని మనమూ మొదలుపెడితే గట్టి షాక్ తగులుతుంది.

ఇక బ్యాటరీ. పెన్సిల్ సెల్స్ వేసే కెమెరా అయితే, గోడ గడియారంలోంచి తీసినవో, రిమోట్ కోసం కొన్న చవక సెల్సో వేసి "ఆన్ అయి వెంటనే ఆఫ్ అయిపోతోంది" అనేవాళ్లే ఎక్కువ. గడియారం చుక్క చుక్కగా తాగుతుంది, కెమెరా గటగటా తాగుతుంది. లెన్స్ బయటికి తోయాలి, స్క్రీన్ వెలగాలి, ఫ్లాష్ ఛార్జ్ అవ్వాలి, ఇవన్నీ ఒకేసారి అడిగేసరికి మామూలు సెల్ వోల్టేజ్ ఢమాల్న పడిపోతుంది, కెమెరా ఏమో సెల్ అయిపోయింది అనుకుని పడుకుంటుంది. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ కొనండి. వాటి మీద 1.2 వోల్టులనే ఉంటుంది, మామూలు సెల్ మీద 1.5 ఉంటుంది కదా, ఇది తక్కువేమో అని అనుమానపడకండి, బరువు పడ్డప్పుడు నిలబడేది ఈ 1.2 వోల్టులదే. కొన్ని కెమెరాల మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది, అది కూడా మార్చండి, లేకపోతే నిండా ఛార్జ్ ఉన్నా అయిపోయినట్టు చూపిస్తుంది.

సెల్స్ లోపలే వదిలేసి ఏళ్లు గడిచాయా? అయితే అరలో తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. వట్టి చేత్తో ముట్టుకోకండి. ఇయర్ బడ్ కొసకి రెండు చుక్కల నిమ్మరసమో వెనిగరో అద్ది ఆ తెల్లటిదాని మీద రుద్దితే చిన్నగా బుసబుసమని కరుగుతుంది, తర్వాత స్పిరిట్ అద్దిన ఇంకో బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కొత్త సెల్స్ వేయండి. నిమ్మరసం పిండి పోయమనలేదు, జాగ్రత్త. కొద్దిగా నల్లబడిన రేకులకైతే పిల్లల పెన్సిల్ రబ్బరు చాలు.

పలకలాంటి లిథియం బ్యాటరీ అయితే ముందు టేబుల్ మీద పడుకోబెట్టి ఒక మూల వేలితో నొక్కండి. చదునుగా ఉండాల్సింది ఉయ్యాలలా ఊగినా, గుండ్రంగా తిప్పితే బొంగరంలా తిరిగినా అది ఉబ్బింది. ఇక దాని మీద ఆశ వదిలేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. అసలు అరలోంచే రావట్లేదంటే కూడా ఉబ్బిందనే అర్థం, చాకుతో పెకిలించొద్దు. ఉబ్బకపోయినా ఏళ్ల తరబడి సున్నాలో ఉన్న బ్యాటరీని కొన్ని ఛార్జర్లు తీసుకోవు, లైటు గబగబా మిణుకుమంటుంది, అంతే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న మోడల్ నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి, సైజు చూసి తేవద్దు. హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడొచ్చు, ఆన్‌లైన్‌లో అయితే నంబరు కొడితే డూప్లికేట్‌లు దొరుకుతాయి. డూప్లికేట్ అయినా ఫర్వాలేదు, నంబరూ వోల్టేజీ కలవాలి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోందంటే అది రోగం కాదు. గడియారం కోసం లోపల ఇంకో చిన్న సెల్ ఉంటుంది, అది ఖాళీ అయింది. చాలా మోడళ్లలో అసలు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి ఒక రోజంతా లోపలే ఉంచితే ఆ చిన్నది దానంతటదే నిండుతుంది. కొన్నింట్లో మాత్రం బొత్తాంలాంటి సెల్ విడిగా మార్చాలి, బ్యాటరీ మూత తీసి చూస్తే దాని చిన్న ట్రే కనిపిస్తుంది.

కార్డు దగ్గరికి వద్దాం. "కార్డ్ లాక్డ్" అంటే కార్డు పక్కనున్న బుల్లి మీట కిందికి జరిగింది, పైకి తోస్తే చాలు, ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు. "కార్డ్ ఎర్రర్" దగ్గరే అందరూ బోల్తా పడతారు. షాపులో 64 జీబీది కొత్తది కొనుక్కొచ్చి పాత కెమెరాలో పెట్టి, కెమెరా పాడైందని తేల్చేస్తారు. మెమరీ కార్డులు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా లోపల తరాలు వేరు. మామూలు ఎస్‌డీ అంటే 2 జీబీ వరకు, ఎస్‌డీహెచ్‌సీ అంటే 4 నుంచి 32 జీబీ, ఆ పైన ఎస్‌డీఎక్స్‌సీ. ఎస్‌డీహెచ్‌సీ వచ్చింది 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ 2009లో. మీ కెమెరా అంతకంటే ముందు పుట్టిందైతే తర్వాత పుట్టిన కార్డు దానికి అర్థం కాదు. 2008 నాటి కెమెరాకి 8 జీబీ ఎస్‌డీహెచ్‌సీ కార్డు ధారాళంగా సరిపోతుంది, 2004 నాటిదైతే పాత 2 జీబీది వెతకాల్సిందే. పాత ఒలింపస్, ఫుజీలకి ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలకి మెమరీ స్టిక్ అని వాటి సొంత గోల వాటికుంది, సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొనేటప్పుడు కార్డు కూడా ఇస్తారా అని తప్పకుండా అడగండి.

పాత కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దనే నొక్కండి. అందులో ఎవరి పెళ్లి ఉందో, ఇప్పుడు లేని తాతయ్య ఫోటోలున్నాయో తెలియదు కదా. కార్డు తీసి రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. ఫైళ్లు కనిపించకపోయినా, పొరపాటున డిలీట్ చేసినా కంగారు పడకుండా ఆ కార్డు మీద ఇంక ఒక్క ఫోటో కూడా తీయకుండా ఆపండి. డిలీట్ చేస్తే చెరిగేది జాబితా మాత్రమే, వేరే ఫోటో వచ్చి ఆ చోట కూర్చునే దాకా పాత ఫోటో అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, చూడ్డానికి నల్ల తెర మీద అక్షరాలతో భయపెడుతుంది గానీ పని గట్టిగా చేస్తుంది. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్లో సేవ్ చేసుకోండి. ఆ పని అయ్యాక, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడుకోండి.

కేబుల్ పెడితే కంప్యూటర్ గుర్తించట్లేదా? సగం కేబుళ్లు ఛార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరావు. ఆ కుస్తీ మానేసి కార్డ్ రీడర్ కొనుక్కోండి.

ఇక లెన్స్. నా పాపం ఇక్కడే ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్లినప్పుడు కెమెరాని ఇసుక అంటిన తువ్వాలులో చుట్టి బ్యాగులో పడేశాను. మర్నాడు ఆన్ చేస్తే కర్ర్... కర్ర్... అని లెన్స్ సగం వచ్చి ఆగింది, మూడు బీప్‌లు, తెర మీద "లెన్స్ ఎర్రర్". ఏముందిలే అని రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. టక్కుమంది. ఆ చప్పుడు లోపలున్న ప్లాస్టిక్ పళ్ల చక్రానిది, అంతటితో దాని కథ ముగిసింది.

మీరు లాగకండి. ముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి పెట్టి చూడండి, ఎందుకంటే ఛార్జ్ చాలక లెన్స్ మధ్యలో ఆగిపోవడం మామూలే. అప్పటికీ కదలకపోతే బ్యాటరీ తీసి, కెమెరాని లెన్స్ నేల వైపు ఉండేలా పట్టుకుని, గొట్టాల మధ్యనుండే సందుల్లో రబ్బరు బుడ్డి బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది, హెయిర్ డ్రయ్యర్ వేడికి లోపలి జిగురు కరుగుతుంది, రెండూ వద్దు. తర్వాత విజిటింగ్ కార్డు కంటే పల్చటి కాగితం ముక్కని ఆ సందులో పెట్టి చుట్టూ మెల్లగా తిప్పండి, ఇసుక రేణువు ఉంటే కాగితానికి తగిలి కిర్రుమంటుంది, తగిలిన చోట మళ్లీ గాలి కొట్టండి. పిన్ను, సూది లాంటివి పెట్టొద్దు. అలాగే కిందికి పట్టుకునే ఆన్ చేయండి. రెండు మూడుసార్లకి రాకపోతే ఆపేయండి, ప్రతి ప్రయత్నానికీ లోపలి పళ్లు అరుగుతాయి. లెన్స్ కదలకపోయినా పాత ఫోటోలు చూడాలంటే చాలా కెమెరాల్లో ప్లే బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే లెన్స్ జోలికి పోకుండా ఫోటోలు చూపిస్తుంది.

ఆన్ అవుతోంది గానీ ఫోటోలే బాగా రావట్లేదా? మెనూ అక్షరాలు శుభ్రంగా కనిపిస్తూ బొమ్మ మాత్రం నల్లగానో, ఊదా రంగులో గీతలు గీతలుగానో ఉంటే అనుమానం సెన్సార్ మీదకి, అంటే వెలుతురుని బొమ్మగా మార్చే చిప్పు మీదకి పోతుంది. 2000ల మొదట్లో వచ్చిన కొన్ని మోడళ్లలో సోనీ తయారుచేసిన సీసీడీ అనే రకం సెన్సార్లకి వేడికీ తేమకీ లోపలి సన్న తీగలు ఊడిపోయే లోపం ఉండేది, 2005లో కెనన్, నికాన్, ఫుజీ లాంటి కంపెనీలు కూడా ఒప్పుకుని ఉచితంగా బాగుచేసి ఇచ్చాయి. ఇప్పుడా వయసు కెమెరా కొంటుంటే ముందు ఒక ఫోటో తీసి చూసుకుని డబ్బులివ్వండి. ఇంట్లో బాగానే వచ్చి ఎండలో మాత్రం తెల్లగా పాలిపోతే షట్టరో, వెలుతురు తగ్గించే రెక్కలో అతుక్కున్నాయని అర్థం, అది మెకానిక్ పని.

సూర్యుడి వైపు తిప్పితే తెర మీద నిలువుగా వెలుగు చార పడుతుంది. అది సీసీడీ సెన్సార్ల నైజం, వీడియోలో కూడా పడుతుంది, ఫోటోలో మామూలుగా పడదు. రాత్రి ఫ్లాష్ ఫోటోల్లో గుండ్రటి తెల్లటి మచ్చలు కనిపిస్తే మా పెద్దమ్మ దెయ్యాలంటుంది, అవి లెన్స్ ముందు ఎగిరే దుమ్ముకణాలు. ఫంక్షన్ హాల్లో వెనక వరసలోంచి తీస్తే పెళ్లికూతురు చీకట్లో, ముందువాళ్ల బట్టతలలు తళతళా వస్తాయి. ఈ బుల్లి ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకి మించి పోదు, మండపం దగ్గరికెళ్లి తీయండి. అన్నీ మసకగా ఉంటే పువ్వు గుర్తు, అంటే బాగా దగ్గరి వస్తువులు తీసే మాక్రో మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఫోన్ అలవాటులో బటన్ ఒక్కసారిగా నొక్కేయడం ఇంకో కారణం. సగం నొక్కి ఆపి, ఆకుపచ్చ చతురస్రం వచ్చాక పూర్తిగా నొక్కాలి.

లెన్స్ లోపల సాలెగూడులా కనిపిస్తే ఫంగస్. కాకినాడ, వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం అంతా లెదర్ పౌచ్‌లో పెడితే ఇది దాదాపు ఖాయం. బయట నుంచి తుడిస్తే పోదు. రాకముందే, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి, బ్యాటరీ విడిగా తీసి.

వానలో తడిస్తే పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి, అదే ప్రాణం తీస్తుంది. బ్యాటరీ, కార్డు తీసేసి, మూతలన్నీ తెరిచి ఫ్యాన్ కింద, తర్వాత సిలికా జెల్ డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచండి. బియ్యంలో పెట్టొద్దు, పిండి దుమ్ము లోపలికి పోవడం తప్ప లాభం లేదు.

షాపులో ఇవ్వాల్సి వస్తే కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, చూసినందుకు ఎంత, బాగు చేస్తే ఎంత అని ముందే విడివిడిగా అడగండి. లెన్స్ మొత్తం మార్చాలంటే అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌ది అంతకే వస్తుందేమో చూసుకోండి.

మా మేనకోడలి కెమెరాకి బ్యాటరీ ఉబ్బింది, అంతే. కొత్తది వారంలో వచ్చింది. ఆన్ చేయగానే తేదీ 1 జనవరి 2008 అని చూపిస్తే, మార్చనా అన్నాను. వద్దంటే వద్దంది, ఫోటో మూలన ఆరెంజ్ రంగులో ఆ 2008 పడితేనే అందమట.