పాత మెయిన్‌ని కొత్త గేమ్‌లో మళ్ళీ చేతికి తెచ్చుకోవడం ఎలా?

ఇల్లు మారినవాళ్ళు కొన్నాళ్ళపాటు చీకట్లో స్విచ్ కోసం పాత ఇంట్లో ఉన్న చోటే గోడ తడుముతుంటారు. ఫైటింగ్ గేమ్‌లో కొత్త భాగం వచ్చినప్పుడు మన పరిస్థితీ అంతే. మన మెయిన్, అంటే ఏళ్ళ తరబడి ఆడిన క్యారెక్టర్, రోస్టర్‌లో (ఎంచుకునే క్యారెక్టర్ల జాబితాలో) కనిపిస్తాడు. మొహం అదే, అరుపులూ అవే. సంబరంగా మ్యాచ్‌లోకి దిగుతాం. రెండో రౌండ్ అయ్యేసరికి ‘వీణ్ణి పాడుచేశారు’ అని తేల్చేస్తాం.

నేనూ కెన్ గురించి ఆ మాట అన్నవాణ్ణే. స్ట్రీట్ ఫైటర్ 5లో మీడియం పంచ్, మీడియం కిక్ కలిపి నొక్కితే కెన్ ముందుకి పరుగెత్తేవాడు. అది అతని వి-స్కిల్, అంటే ఆ గేమ్‌లో ఒక్కో క్యారెక్టర్‌కీ విడిగా ఇచ్చిన మూవ్. స్ట్రీట్ ఫైటర్ 6లో అవే రెండు బటన్లు నొక్కితే ఉన్నచోటే నిలబడి ప్యారీ పట్టాడు, అంటే వచ్చే దెబ్బని అడ్డుకునే భంగిమలో నిలిచాడు. పరుగు ఉంది, కాకపోతే రెండు కిక్ బటన్ల మీదికి వెళ్ళింది. ఇంతకన్నా ఘోరం ఇంకోటి. హెవీ పంచ్, హెవీ కిక్ కలిపితే పాత గేమ్‌లో వి-ట్రిగర్ (గేజ్ నిండాక వాడే ప్రత్యేక శక్తి) వచ్చేది, కొత్తదాంట్లో డ్రైవ్ ఇంపాక్ట్ (నిదానంగా వచ్చే పెద్ద దెబ్బ) వస్తుంది. ఎదుటివాడు అది చూసుకుని తనూ ఇంపాక్ట్ కొట్టాడంటే మన పని అయిపోయినట్టే. మొదటి వారం నా ఓటముల్లో సగం నా వేళ్ళ పుణ్యమే.

ఆ తర్వాత నుంచి కొత్త భాగం ఏది వచ్చినా ఒక వరసలో వెళ్తున్నాను. ‘ఏ మూవ్ తీసేశారు?’ అని లెక్కపెట్టడం మానేసి, ‘ఆ మూవ్ చేసే పని ఇప్పుడు దేనితో జరుగుతుంది?’ అని వెతకడమే దీనికంతటికీ మూలం.

1. కంట్రోలర్ కంటే ముందు కాగితం

పాత గేమ్‌లో మీరు ఈ క్యారెక్టర్‌తో ఏం చేసేవారో రాసుకోండి. మూవ్‌ల పేర్లు కాదు, పనులు. ఎదుటివాడు దూకితే దేనితో కొట్టేవారు? మధ్యదూరంలో ఏ బటన్‌తో పొడిచేవారు? మీద పడి ఊపిరాడనివ్వకపోతే ఎలా బయటపడేవారు? పడగొట్టాక ఏం చేసేవారు? ఎదుటివాడు వేసిన పెద్ద మూవ్ మీకు తగలకపోతే ఏ కాంబోతో (వరసగా తగిలే దెబ్బలతో) శిక్షించేవారు? గేజ్ (ప్రత్యేక మూవ్‌లకి ఖర్చయ్యే శక్తి పట్టీ) దేనికి ఖర్చుపెట్టేవారు?

ఆరేడు లైన్లు చాలు. ప్రతి లైనుకీ ఎదురుగా ఖాళీ వదలండి. కొత్త గేమ్‌లో జవాబు దొరికినప్పుడల్లా అక్కడ రాసుకోవాలి. చివరికి ఏదైనా లైను ఖాళీగా మిగిలిపోతే, క్యారెక్టర్‌లో నిజంగా మారింది అదే. మిగతా మార్పులు చాలావరకు కళ్ళకి కనిపించేవే తప్ప ఆటకి పెద్దగా అడ్డుపడవు.

2. క్యారెక్టర్ కంటే ముందు సిస్టమ్

చాలామంది నేరుగా మూవ్ లిస్ట్ తెరుస్తారు. నా మాట విని రెండు గంటలు ఆగండి. ముందు గేమ్ నియమాలు ఏం మారాయో చూసుకోండి. ఎందుకంటే మీ క్యారెక్టర్ దగ్గర మాయమైన వస్తువు చాలాసార్లు సిస్టమ్‌లో దొరుకుతుంది.

ర్యూ సంగతే చూడండి. స్ట్రీట్ ఫైటర్ 5లో దెబ్బని ప్యారీ చెయ్యడం అతని వి-స్కిల్. ఆ గేమ్‌లో ర్యూని ఎంచుకోవడానికి అదొక కారణం. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో ప్యారీ అందరికీ ఇచ్చేశారు. ర్యూ ఏమీ పోగొట్టుకోలేదు, కానీ అతని ప్రత్యేకత పోయింది. దానికి బదులు డెంజిన్ ఛార్జ్ అనేదాన్ని రెండుసార్లు కిందకి నొక్కి పంచ్‌తో ఎక్కించుకుంటాడు, అతని ప్రత్యేక దెబ్బలైన హాడోకెన్‌కో హషోగెకికో తర్వాత వేసినప్పుడు బలం వస్తుంది. పాత గేమ్‌లో డెంజిన్ అంటే వి-ట్రిగర్. అంటే ర్యూ ఆటగాడు ఇప్పుడు కొత్తగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఛార్జ్ ఎక్కించుకునేంత తీరిక నాకు ఎప్పుడు దొరుకుతుంది? ఎదుటివాణ్ణి పడగొట్టిన ప్రతిసారీ మీదికి పరుగెత్తే అలవాటు ఉన్నవాడికి ఈ ప్రశ్న తట్టదు.

సిస్టమ్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఖర్చుల లెక్క. స్ట్రీట్ ఫైటర్ 5లో ఈఎక్స్ మూవ్‌లూ (స్పెషల్ మూవ్‌ల బలమైన రూపాలు), క్రిటికల్ ఆర్ట్ (అన్నిటికన్నా పెద్ద దెబ్బ) కూడా ఒకే గేజ్ నుంచి వచ్చేవి. మ్యాచ్ మొదలయ్యేటప్పుడు అది ఖాళీ, కొట్టీ కొట్టించుకునీ నింపుకోవాలి. 6లో ఆ ఈఎక్స్ మూవ్‌లే ఓవర్‌డ్రైవ్ అనే పేరుతో డ్రైవ్ గేజ్‌కి మారాయి. ఆ గేజ్‌లో 6 గడులు, ప్రతి రౌండూ నిండుగా మొదలవుతుంది. ఓవర్‌డ్రైవ్ మూవ్‌కి 2 గడులు, డ్రైవ్ ఇంపాక్ట్‌కి 1, ఒక సాధారణ దెబ్బని డ్రైవ్ రష్‌లోకి (ముందుకి దూసుకెళ్ళే పరుగులోకి) తిప్పడానికి 3. సూపర్‌లకి (అతిపెద్ద దెబ్బలకి) వేరే గేజ్. దాచుకుని దాచుకుని చివర్లో వాడే పాత పొదుపు బుద్ధి ఇక్కడ పనికిరాదు. అలాగని విచ్చలవిడిగా వాడినా మునిగిపోతారు. డ్రైవ్ గేజ్ అడుగంటితే బర్నౌట్ వస్తుంది, అప్పుడు బ్లాక్ చేసిన ప్రతి దెబ్బకీ 4 ఫ్రేమ్‌లు (ఫ్రేమ్ అంటే సెకనులో అరవయ్యో వంతు) ఎక్కువగా ఇరుక్కుంటారు, స్పెషల్ మూవ్‌లు బ్లాక్ చేసినా ప్రాణం తరుగుతుంది.

టెక్కెన్ 7 నుంచి 8కి వచ్చినవాళ్ళకి ఇదే పాఠం ఇంకో రూపంలో ఎదురైంది. రేజ్ డ్రైవ్ తీసేశారు, రౌండ్‌కి ఒక్కసారి వాడుకునే హీట్ అనే దాడి బలం వచ్చింది. 7లో ప్రాణం తగ్గాక దొరికే ఆయుధం మీద ఆధారపడి ఆడినవాళ్ళు 8లో రౌండ్ మొదట్లోనే దాడికి దిగడం నేర్చుకోవాల్సి వచ్చింది.

3. మూవ్ లిస్ట్‌ని కుప్పలుగా పోయండి

ఇప్పుడు మూవ్ లిస్ట్. ప్రతి మూవ్‌నీ ఒక్కసారి ట్రైనింగ్ మోడ్‌లో వేసి చూసి మూడు కుప్పల్లో ఒకదాంట్లో వెయ్యండి.

కమాండ్ మారినవి మొదటి కుప్ప. ఇవి తేలిక. స్ట్రీట్ ఫైటర్‌లో చున్-లీ హ్యకురెత్సుక్యకు (వరస తన్నుల దెబ్బ) కోసం ఒకప్పుడు కిక్ బటన్‌ని టపటపా కొట్టాలి, స్ట్రీట్ ఫైటర్ 5 నుంచి స్టిక్‌ని పావు చుట్టు తిప్పి కిక్ నొక్కితే చాలు. ఆమె విసిరే శక్తి గోళం కికోకెన్ స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్‌లో అర చుట్టు మోషన్, స్ట్రీట్ ఫైటర్ 4లో మళ్ళీ వెనక్కి పట్టి ముందుకి నొక్కే ఛార్జ్ మూవ్ అయింది. చేతికి రెండు రోజులు కష్టం, తర్వాత మరిచిపోతారు.

పూర్తిగా పోయినవి, కొత్తగా చేరినవి రెండో కుప్ప. ఇవి కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి భయం లేదు.

పేరూ అదే, బొమ్మా అదే, ఆటలో స్థానం మాత్రం వేరు. అసలు ప్రమాదం ఈ మూడో కుప్పది. నాకు తెలిసిన మంచి ఉదాహరణ స్ట్రీట్ ఫైటర్‌లో జూరి అనే ఆమె వాడే ఫెంగ్ షుయ్ ఇంజన్. ఆమె మొదట కనిపించిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 4లో, 2010లో, అది అల్ట్రా కాంబో. దెబ్బలు తింటే నిండే గేజ్‌తో వచ్చేది, అంటే ఓడిపోతున్నప్పుడు తిరగబడే ఆయుధం. స్ట్రీట్ ఫైటర్ 5లో వి-ట్రిగర్ అయింది. 6లో రెండో లెవెల్ సూపర్. మూడు గేమ్‌లలోనూ ఎడమ కన్ను వెలుగుతుంది, మామూలు దెబ్బలు ఒకదాంట్లోంచి ఒకటి గొలుసులా పడతాయి. చూసేవాడికి తేడా తెలియదు. ఆడేవాడికి మాత్రం 6లో అది వాడాలంటే సూపర్ గేజ్‌లో మూడింట రెండు వంతులు ఇచ్చేయాలి, మూడో లెవెల్ సూపర్ మీద ఆశ వదులుకోవాలి. 4లో అడగనక్కర్లేని ప్రశ్న ఇది. ఓడిపోతున్నప్పుడు ఎదురుచూసి వాడే అలవాటుతో 6లో జూరిని ఆడితే, ఫెంగ్ షుయ్ వాడకుండానే రౌండ్లు పోతుంటాయి.

మూడో కుప్పలోని ఒక్కో మూవ్ పక్కనా మూడు ముక్కలు రాయండి: ఎప్పుడు దొరుకుతుంది, ఎంత ఖర్చు, వాడితే ఏం వదులుకుంటున్నాను.

4. ‘సేఫ్’ అనుకున్న ప్రతి దాన్నీ మళ్ళీ కొలవండి

ఈ గేమ్‌లు సెకనుకి 60 ఫ్రేమ్‌ల లెక్కన నడుస్తాయి. పాత భాగంలో బ్లాక్ అయినా ఎదుటివాడు తిరిగి కొట్టలేని మూవ్, కొత్త భాగంలో రెండు మూడు ఫ్రేమ్‌లు మారినా చాలు, మీ కొంప ముంచుతుంది. కంటితో పట్టుకోలేరు, డమ్మీతో (ట్రైనింగ్ మోడ్‌లో ఎదురుగా నిలబడే బొమ్మతో) పట్టుకోవచ్చు.

డమ్మీని అన్నీ బ్లాక్ చేసేలా పెట్టండి. బ్లాక్ అవ్వగానే దాని అతివేగమైన దెబ్బ కొట్టేలా సెట్టింగ్ మార్చండి. స్ట్రీట్ ఫైటర్ 6లో ఆ వేగం సాధారణంగా 4 ఫ్రేమ్‌లు, టెక్కెన్‌లో చాలామందికి 10. ఇప్పుడు మీ మూవ్ వేసి వెంటనే వెనక్కి పట్టి బ్లాక్ చెయ్యండి. బ్లాక్ దొరికితే అది సేఫ్. దెబ్బ తగిలితే అది ఇకనుంచి గాల్లోకి విసిరే మూవ్ కాదు, తగులుతుందని తెలిసినప్పుడే వెయ్యాలి. దూరం మార్చి కూడా చూడండి. అంచు నుంచి తగిలినప్పుడు సేఫ్‌గా ఉండి, దగ్గర్నుంచి వేస్తే దొరికిపోయే మూవ్‌లు చాలా ఉంటాయి.

స్ట్రీట్ ఫైటర్ 6లో తెర మీద ఫ్రేమ్ మీటర్ ఉంది, టెక్కెన్ 8 ప్రాక్టీస్ మోడ్ అంకెలు చూపిస్తుంది. అయినా డమ్మీ పరీక్ష ఒక్కసారైనా చెయ్యమంటాను. అంకె చదివితే గుర్తుండదు, మొహం మీద జాబ్ (చిన్న పంచ్) తింటే గుర్తుంటుంది.

5. పాత కాంబోలు పక్కన పెట్టండి

గంటలకొద్దీ సాధన చేసిన కాంబోలని వదలాలంటే మనసొప్పదు, తెలుసు. కానీ కాంబోలు క్యారెక్టర్ కంటే సిస్టమ్ మాటే ఎక్కువ వింటాయి. గిల్టీ గేర్ 2021లో స్ట్రైవ్‌గా వచ్చినప్పుడు పంచ్ నుంచి కిక్, కిక్ నుంచి స్లాష్ అంటూ సాగే పాత గాట్లింగ్ (ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బకి వెళ్ళే) దారులు చాలావరకు మూసేశారు. అంతకుముందు భాగమైన ఎక్స్‌ఆర్‌డీలో వేళ్ళకి పట్టిన వరస స్ట్రైవ్‌లో మొదటి మెట్టు దగ్గరే తెగిపోయేది. దాన్ని బతికించాలని చూడటం వృథా.

మొదటి వారానికి మూడు కాంబోలు చాలు. చిన్న దెబ్బ తగిలిందని చూసుకుని సాగించేది ఒకటి. పెద్ద తప్పుని శిక్షించేది ఒకటి. దూకినవాణ్ణి దించేది ఒకటి, అది ఒక్క దెబ్బే అయినా సరే. మూలకి తోసి వేసే ఏడు ఎనిమిది దెబ్బల కళాఖండాలు వచ్చే నెల చూసుకుందాం.

6. వేళ్ళకి మరపు నేర్పండి

కొత్తది నేర్చుకోవడం కంటే పాతది మరవడం కష్టం. అందుకని మీ పాత గేమ్ నుంచి బటన్ జంటలు తీసుకుని, కొత్త గేమ్‌లో అవి ఏం చేస్తాయో చూడండి. నా కెన్ కథ లాంటిది మీకూ ఒకటి ఉంటుంది. తగాదా తెచ్చిపెట్టే జంట ఒకటో రెండో దొరుకుతాయి. రోజూ మ్యాచ్‌లకి ముందు పది నిమిషాలు వాటి మీదే కూర్చోండి: సందర్భం సృష్టించండి, కొత్త బటన్ నొక్కండి, మళ్ళీ మొదలు. తప్పు నొక్కితే ఆపి, రెండు క్షణాలు చేతులు తీసేసి మళ్ళీ పట్టుకోండి. వేగంగా వందసార్లు చేసేదానికన్నా నిదానంగా ఇరవైసార్లు చేసిందే నాకు నిలిచింది.

పాత గేమ్‌ని ఈ రోజుల్లో ముట్టుకోకండి. పొద్దున అదీ సాయంత్రం ఇదీ అంటే వేళ్ళు రెండిటికీ చెడతాయి.

7. మ్యాచ్‌లు, రీప్లేలు

ఇక ఆన్‌లైన్‌కి వెళ్ళండి. ఇరవై మ్యాచ్‌లు, ర్యాంక్ వంక చూడకుండా. ఓడిన ప్రతి మ్యాచ్ రీప్లేలో ఒకే ఒక్క విషయం పట్టుకోండి: ప్రాణం ఎక్కువగా పోయిన చోట మీరు నొక్కింది పాత గేమ్ జవాబా, కొత్త గేమ్ జవాబా? పాతదైతే కాగితం మీద ఆ లైను పక్కన గీత పెట్టండి. గీతలు గుట్టపడ్డ లైనే రేపటి సాధన. టెక్కెన్ 8లో రీప్లే మధ్యలో ఆపి, ఆ క్షణం నుంచి మీరే ఆడి చూసే వీలుంది. దాన్ని వాడుకోనివాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

ప్యాచ్ (గేమ్‌లో మార్పులు తెచ్చే అప్‌డేట్) వచ్చినప్పుడు మొత్తం నోట్స్ చదవక్కర్లేదు. కాగితం మీదున్న మూవ్‌ల పేర్లు అందులో ఉన్నాయా అని చూసి, ఉన్నవాటికి నాలుగో అడుగులోని డమ్మీ పరీక్ష మళ్ళీ పెట్టండి.

8. ఖాళీ లైను మిగిలిపోతే

నెల తిరిగాక కాగితం చూడండి. ఒకటి రెండు ఖాళీలుంటే సర్దుకోవచ్చు, ఆడే తీరు కాస్త మారుతుంది, అంతే. మీకు ఆ క్యారెక్టర్ నచ్చడానికి కారణమైన లైనే ఖాళీగా ఉంటే మాత్రం, పేరుని పట్టుకుని వేలాడకండి. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చారేమో వెతకండి. టెక్కెన్ 3లో జిన్ మిషిమా కుటుంబపు పోరాటంతో వచ్చాడు. 2001లో టెక్కెన్ 4 వచ్చేసరికి అదంతా వదిలేసి సంప్రదాయ కరాటేకి మారాడు. ఆ పోరాటంలోని ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ అనే దెబ్బ కోసమే జిన్‌ని ఆడినవాళ్ళు దిక్కులు చూశారు. టెక్కెన్ 5లో అదే దెబ్బ డెవిల్ జిన్ చేతికి వచ్చింది. సెలెక్ట్ స్క్రీన్‌లో వాళ్ళు వెతుక్కోవాల్సింది జిన్ పక్కన రెక్కలున్న ఆ రెండో మొహాన్ని.