డ్రిల్లుతో టిఫిన్ ట్రైలర్ జరిపాం

బెంగళూరు మారతహళ్లిలో మా బావమరిది టిఫిన్ ట్రైలర్ నిలిపే సందులోకి కారు రాదు. ఖాళీగా ఉన్నా ట్రైలర్ 600 కిలోలు. నలుగురు తోస్తే కదులుతుంది, కానీ తెల్లారుజామున ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారు? అందుకే డ్రిల్లుతో నడిచే మూవర్, అంటే ట్రైలర్ ముక్కుకి తగిలించి బండిని జరిపే చక్రాల పరికరం, తెప్పించాం.

కిటుకంతా గేర్లలోనే ఉంది. డ్రిల్లు గిర్రున ఎన్నోసార్లు తిరిగితే మూవర్ చక్రం కొంచెమే కదులుతుంది. వేగం తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది. డ్రిల్లును 1వ గేర్‌లోనే ఉంచాలి, లేదంటే మోటారు వేడెక్కుతుంది. సైడ్ హ్యాండిల్ లేకుండా నొక్కితే మణికట్టు మెలితిరుగుతుంది, జాగ్రత్త.

మాకు అసలు చిక్కు గేటు దగ్గరి వాలు. 5 శాతం వాలంటే 600 కిలోల బండిని దాదాపు 30 కిలోల బలం కిందికి లాగుతుంది, టైర్ల రాపిడి అదనం. అక్కడ మూవర్ చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ట్రైలర్ ముక్కు బరువు వాటి మీద పడితేనే పట్టు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు ముందువైపు పెట్టాక ఎక్కింది. మెత్తటి మట్టి మీద ప్లైవుడ్ పరిచాం, టైర్లలో గాలి సరిచూశాం. ఇంకొకరు చెక్క దిమ్మె పట్టుకుని చక్రం పక్కనే నడవాలి. డ్రిల్లు ఆపితే బండీ ఆగుతుందని నమ్మొద్దు. వాలు ఇంకా ఎక్కువైతే తాడు చుట్టుకుంటూ బండిని లాగే విన్చే దిక్కు.